సైగాన్‌లో ఒక్క సాయంత్రమే ఉంటే: నీటి బొమ్మలాట, నది మీద భోజనం రెండూ కుదురుతాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వియత్నాంలోని హో చి మిన్ సిటీలో మీకు ఒక్క సాయంత్రమే ఖాళీగా ఉంది. ఏజెంట్ వాటర్ పప్పెట్ షో, ఆ వెంటనే డిన్నర్ క్రూజ్ కలిపి ఒకే ప్యాకేజీగా ఇస్తానంటున్నాడు. అమ్మగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పూర్తి శాకాహారి. బాబుకి ఏడేళ్లు. భాష రాకుండా బొమ్మలాట ఏం అర్థమవుతుంది, డబ్బు దండగ అవుతుందేమో, అమ్మగారు అలిసిపోతారేమో అని మీ టెన్షన్.

నేను తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. ఇక్కడివాళ్లు ఇప్పటికీ ఎక్కువగా సైగాన్ అనే అంటారు, నేనూ అలాగే అంటాను. మనవైపు నుంచి వచ్చే కుటుంబాలకు ఊరు చూపించడం నా పని. ఈ రెండూ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

బొమ్మలాటకి తప్పకుండా వెళ్లండి. ముందు బొమ్మలాట, తర్వాతే పడవ. పడవ మీద భోజనం మాత్రం అమ్మగారి తిండి సంగతి ముందే తేల్చుకున్నాకే బుక్ చేయండి. అది తేలకపోతే పడవ మానేయకండి, భోజనం మానేయండి. దానికి వేరే దారి ఉంది, కింద రాశాను.

ఒకవేళ మీరు హనోయ్ కూడా వెళ్తుంటే నా సలహా మారుతుంది. అప్పుడు బొమ్మలాట అక్కడే చూడండి. ఈ కళ పుట్టింది ఉత్తరాన, ఎర్ర నది డెల్టాలో. హనోయ్‌లో హోవాన్ కియెమ్ చెరువు పక్కనే ఉన్న థాంగ్ లోంగ్ థియేటర్ 1969లో మొదలైంది, అక్కడ రోజుకి చాలా ఆటలు ఉంటాయి. 15వ శతాబ్దంలో లే లోయ్ అనే రాజు చైనా మింగ్ సైన్యాన్ని తరిమేశాక, తనకు దక్కిన దివ్య ఖడ్గాన్ని చెరువులోని బంగారు తాబేలుకి తిరిగి ఇచ్చేశాడని అక్కడి కథ. ఆటలో ఆ ఘట్టం చూసి బయటికి రాగానే ఎదురుగా అదే చెరువు కనిపిస్తుంది. 'హోవాన్ కియెమ్' అంటేనే ఖడ్గాన్ని తిరిగి ఇచ్చేయడం. ఆ అనుభూతి సైగాన్‌లో దొరకదు. హనోయ్ మీ ప్రయాణంలో లేదంటే మాత్రం ఇక్కడ న్గుయెన్ థి మిన్ ఖాయ్ రోడ్డులో ఉన్న రోంగ్ వాంగ్ థియేటర్‌కి వెళ్లండి. రోంగ్ వాంగ్ అంటే బంగారు డ్రాగన్. ఏజెంట్లు ఇంగ్లిష్‌లో గోల్డెన్ డ్రాగన్ అని రాస్తారు, రెండూ ఒకటే.

ఇక భాష సంగతి. దీని గురించి అసలు భయపడకండి. ఆట మొత్తం 45, 50 నిమిషాలు. పదీ పదిహేను చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క మూడు నాలుగు నిమిషాలే. ఒక దానికీ మరో దానికీ కథాసంబంధం ఉండదు. మాటలు తక్కువ, పాట ఎక్కువ. పక్కన వేదిక మీద వాద్యబృందం కూర్చుంటుంది, పాటలు 'చెఓ' అనే ఉత్తరాది పల్లె నాటకం బాణీలో ఉంటాయి. అందులో దాన్ బౌ అని ఒంటి తీగ వాద్యం ఒకటుంది. ఒకే తీగ మీద మనిషి గొంతులాంటి జీర పలికిస్తారు. అమ్మగారికి సంగీతం ఇష్టమైతే ఆ వాద్యం వాయించేవాళ్లు కనిపించే వైపు సీట్లు తీసుకోండి.

అసలు ఏం జరుగుతుందో చెప్తాను, వెళ్లేముందు అమ్మగారికీ బాబుకీ కథలా చెప్పి తీసుకెళ్లండి. నా అనుభవంలో ఈ పది నిమిషాల ముందు మాటలే మొత్తం తేడా తెస్తాయి.

వేదిక అంటే నేల ఉండదు, నీళ్ల తొట్టి. వెనకాల గుడి మండపంలాంటి కట్టడం, దానికి వెదురు చాప తెర. ఆడించేవాళ్లు ఆ తెర వెనక నడుం లోతు నీళ్లలో నిలబడి ఉంటారు. బొమ్మ పొడవాటి గడ చివర ఉంటుంది, ఆ గడ నీటి అడుగున ఉంటుంది కాబట్టి మనకి కనిపించదు. బొమ్మ అడుగున తేలే చెక్క, కొన్నిటికి చుక్కానిలాంటిది, చేతులూ తలా కదపడానికి తాళ్లు. నీళ్లు కావాలనే మసగ్గా, పచ్చగా ఉంచుతారు. బాబు 'నీళ్లు మురికిగా ఉన్నాయేంటి' అని అడుగుతాడు చూడండి, ప్రతి పిల్లాడూ అడుగుతాడు. గడలు కనబడకుండా ఉండటానికే అని చెప్పండి.

బొమ్మలు మన మేడి చెట్టు కర్రతో చెక్కుతారు. కొందరు అత్తి అంటారు కదా, అదే. వాళ్లు 'సుంగ్' అంటారు. చెరువు గట్ల మీద పెరుగుతుంది, కర్ర తేలిక, చెక్కడానికి మెత్తన, నీళ్లలో తేలుతుంది. దాని మీద లక్క పూతలు పూతలుగా వేసి ఆరబెడతారు. అయినా రోజూ నీళ్లలో ఆడితే బొమ్మ కొన్ని నెలలే వస్తుంది, మళ్లీ కొత్తది చెక్కాల్సిందే. మేడి కర్ర అని చెప్పగానే మన పెద్దవాళ్ల ముఖాల్లో ఆసక్తి మొదలవడం నేను చాలాసార్లు చూశాను.

మొదట వచ్చేది చూ తేవ్. బొజ్జ, గుండ్రటి బుగ్గలు, పిలక జుట్టు, గోచీ, గుండీలు పెట్టని చొక్కా, నవ్వు ముఖం. ఇతను మన కేతిగాడే అనుకోండి. మా ఊరు అనంతపురం వైపు. చిన్నప్పుడు తోలుబొమ్మలాటలో రాముడి కథ నడుస్తుంటే మధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చి ఊళ్లో మనుషుల మీదే చెణుకులు విసిరేవాళ్లు. నిద్రపోతున్న మేము లేచి కూర్చునేది అప్పుడే. మొదటిసారి ఇక్కడ చూ తేవ్ నీళ్లలోంచి నడిచొచ్చి జనాన్ని పలకరిస్తే నాకు ఒక్క మాటా అర్థం కాలేదు, కానీ అతనెవరో వెంటనే తెలిసిపోయింది.

ఆ తర్వాత డ్రాగన్లు నీళ్లు చిమ్ముతూ, నోట్లోంచి నిప్పురవ్వలు కక్కుతూ తిరుగుతాయి. తర్వాత పొలం పనులు. గేదెతో దున్నడం, నాట్లు వేయడం, గూడ వేసి నీళ్లు తోడటం. ఇద్దరు మనుషులు చెరో వైపు తాళ్లు పట్టుకుని ఊపుతూ నీళ్లు ఎత్తిపోసే గూడ మన పల్లెల్లో ఉండేది కదా, అచ్చంగా అదే. చేపలు పట్టేవాళ్లు వాడేది మన ఊత. పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ఆ బుట్టను నీళ్లలో గుచ్చుతుంటే చేప పక్కనుంచి తప్పించుకుంటుంది, ఒకసారి చేప బదులు పక్కవాడి తల చిక్కుతుంది. బాతుల మందను కాసే ముసలి దంపతులు ఉంటారు. నక్క వచ్చి ఒక బాతుని నోట కరుచుకుని చెట్టెక్కేస్తుంది. పిల్లలు అరిచేది ఇక్కడే.

తర్వాత రెండు ఫీనిక్స్ పక్షుల నాట్యం. జత కలుస్తాయి, గుడ్డు వస్తుంది, గుడ్డులోంచి పిల్ల వస్తుంది. సింహాలు బంతి కోసం కొట్లాడతాయి. లే లోయ్, తాబేలు కథ వస్తుంది. చివర్లో అప్సరసల నాట్యం, డ్రాగన్, కిలిన్ అనే పురాణ జంతువు, తాబేలు, ఫీనిక్స్ నలుగురూ కలిసి ఆడటం. ఒక్కో రోజు ఒకటి రెండు ముక్కలు మారొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం: ఆట అయిపోయిందని లేవకండి. ఆఖర్న వెదురు తెర పైకి లేస్తుంది. అప్పటిదాకా కనబడని మనుషులు నడుం లోతు నీళ్లలో వరసగా ముందుకొచ్చి తల వంచి నమస్కారం చేస్తారు. చాలామంది టూరిస్టులు అప్పటికే బ్యాగులు సర్దుకుంటూ ఉంటారు. నాకు ఇది చూస్తే బాధగా ఉంటుంది. గంటసేపు నీళ్లలో నిలబడి, తెర సందుల్లోంచి చూస్తూ, బరువైన బొమ్మను గడ చివర మోస్తూ నాట్యం చేయించినవాళ్లు వాళ్లు. బాబుని లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించండి. మనసారా అడుగుతున్నాను.

ఈ కళ ఎంత పాతదో కూడా చెప్పాలి. క్రీ.శ. 1121 నాటి ఒక శిలాశాసనం హనోయ్‌కి దక్షిణాన దోయ్ కొండ మీద బౌద్ధాలయంలో ఉంది. లీ న్యాన్ టోంగ్ రాజు ముందు బంగారు తాబేలు నీటి మీద ఆడిందని అందులో రాసి ఉంది. అంటే తొమ్మిది వందల ఏళ్ల పైమాట. అప్పట్లో థియేటర్లు లేవు. కోతలయ్యాక, పండగలకి, గుడి చెరువులోనో ఊరి కుంటలోనో ఆడేవాళ్లు. ఒక్కో ఊరికి ఒక్కో బృందం, బొమ్మ లోపలి తాళ్ల కిటుకు ప్రాణంలా దాచుకునేవాళ్లు. పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోతే రహస్యం బయటపడుతుందని ఆడపిల్లలకు నేర్పేవాళ్లు కాదు. ఇప్పుడు థియేటర్లలో ఆడవాళ్లూ నీళ్లలో దిగి ఆడిస్తున్నారు. ఆఖర్న తెర లేచినప్పుడు చూడండి, మీకే కనిపిస్తారు.

ఇప్పుడు ఒక అనుభవం చెప్తాను. పోయినేడాది పల్నాడు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెద్దావిడ మొదట్నుంచీ 'పిల్లల ఆటకి నేనెందుకు నాయనా, నన్ను హోటల్లో వదిలేయండి' అన్నారు. కొడుకు మొహమాటపడి తీసుకొచ్చాడు. నాట్ల ముక్క రాగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. గూడ వేసేటప్పుడు 'మా నాయనా మా చిన్నాయనా ఇట్టాగే వేసేవాళ్లు' అన్నారు. అప్పటినుంచి ఆట అయ్యేదాకా మనవడికి ఆవిడే కామెంటరీ చెప్పారు. భాష రాదని మీరు భయపడుతున్నారు గానీ, ఆ హాల్లో అందరికన్నా ఎక్కువ అర్థమయ్యేది మీ అమ్మగారికే కావచ్చు. వరి పండించే ఊళ్లలో పెరిగినవాళ్లకి ఈ ఆటలో అనువాదం అక్కర్లేదు.

సీట్ల విషయం. మొదటి వరసలో నీళ్లు మీద చిందుతాయి, బాబుకి అది సరదా. కానీ పెద్దవాళ్లకి మూడు నుంచి ఐదో వరస మధ్య సీట్లు మంచివి. బాగా వెనక్కి పోతే చిన్న బొమ్మల కదలిక తెలియదు. ఫ్లాష్ వేసి ఫొటోలు తీయకండి. హాల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, అమ్మగారికి శాలువా తీసుకెళ్లండి.

ఇక పడవ. సైగాన్ నదిలో డిన్నర్ పడవలు చాలా ఉన్నాయి, దాదాపు అన్నిటి తీరూ ఒకటే. ఏడు గంటల ప్రాంతంలో ఎక్కించుకుంటారు, కాసేపు ఒడ్డునే నిలబెట్టి భోజనం మొదలుపెడతారు, ఎనిమిదికి అటూ ఇటూ కదులుతాయి, తొమ్మిది, తొమ్మిదిన్నరకి తిరిగి వస్తాయి. పాటలు, డాన్సు ఉంటాయి. కొన్నిట్లో సౌండ్ చాలా ఎక్కువ. ఒడ్డున దీపాలు బాగుంటాయి. తామర మొగ్గలా కట్టిన 262 మీటర్ల బిటెక్స్‌కో టవర్, 461 మీటర్ల ల్యాండ్‌మార్క్ 81, 2022లో తెరిచిన బా సోన్ వంతెన, దాని వాలు స్తంభం. రేవు దగ్గర న్యా రోంగ్ అని పాత ఫ్రెంచి కాలపు భవనం ఉంది. పైకప్పు మీద డ్రాగన్లుంటాయి. 1911 జూన్ 5న హో చి మిన్ ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడిగా ఓడలో వంటపని కుదుర్చుకుని దేశం విడిచింది ఆ రేవు నుంచే. నదిలో గుర్రపుడెక్క గుంపులు తేలుతూ కనిపిస్తాయి. సముద్రపు పోటు ఇక్కడిదాకా వస్తుంది కాబట్టి అవి ఒక పూట కిందికి పోతాయి, ఇంకో పూట ఎదురు వస్తాయి. అది బాబుకి చూపించండి.

ఈ పోటు వల్లే ఒక ఇబ్బంది కూడా ఉంది. నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు నుంచి పడవకి వేసే మెట్ల వంతెన బాగా వాలుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పడవ కింది అంతస్తులోనే టేబుల్ అడగాలి. పైడెక్ గాలికి బాగుంటుంది గానీ లోపలి మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి.

శాకాహారం దగ్గర నాకు చాలా జాగ్రత్త వచ్చింది, ఒకసారి దెబ్బ తిన్నాక. ఒక పడవవాళ్లు వెజిటేరియన్ మెనూ ఉందన్నారు, నేను నమ్మాను. కాకినాడ నుంచి వచ్చిన దంపతులకి టోఫూ, కూరగాయలు, స్ప్రింగ్ రోల్స్ పెట్టారు. అన్నీ శాకాహారమే. కానీ రోల్స్ ముంచుకోడానికి ఇచ్చిన గిన్నెలో ఉన్నది నువక్ మామ్, అంటే చేపల రసం. ఆవిడ రెండు ముక్కలు తిన్నాక వాసన వచ్చి అడిగారు. ఆ రాత్రి ఆవిడ మళ్లీ ఏమీ ముట్టలేదు. నేను ముందే అడగాల్సింది, అడగలేదు. ఇక్కడ మాంసం లేకపోతే కూరగాయల వంట అనే అనుకునేవాళ్లు చాలామంది. తూటికూర వెల్లుల్లితో వేయించి తెస్తారు, చూడటానికి మన వేపుడులా ఉంటుంది, కానీ అందులో చేపల రసమో, ఆల్చిప్పల సాసో వేసే అలవాటుంది.

అందుకని వెజిటేరియన్ అనే మాట ఒక్కటీ సరిపోదు. 'తోయ్ అన్ చై' అనండి. 'నేను చై తింటాను' అని అర్థం. చై అంటే బౌద్ధులు తినే శాకాహారం. ఈ మాట చెప్తే చేపల రసం కూడా వేయకూడదని ఇక్కడివాళ్లకి తెలుసు. దానితోపాటు 'ఖోంగ్ నువక్ మామ్' అని కలపండి, 'చేపల రసం వద్దు' అని. ఇది పడవ ఎక్కాక చెప్పడం కాదు, కనీసం ఒక రోజు ముందు, రాతపూర్వకంగా. ఏజెంట్‌తో వియత్నామీస్‌లో మెసేజ్ పెట్టించి, జవాబు మీ ఫోన్‌లో ఉంచుకోండి. గుడ్డు తినకపోతే అది విడిగా చెప్పాలి.

ఇప్పుడు ప్యాకేజీయా, విడివిడిగానా? చాలామంది విడిగా అయితే చవక అనుకుని నన్ను అడుగుతారు. నా అభిప్రాయం డబ్బు మీద కాదు, టైమ్ మీద. థియేటర్ నుంచి రేవు దూరం మామూలుగా అయితే పదిహేను నిమిషాలే. కానీ సాయంత్రం ఆరు, ఏడు మధ్య ఈ ఊరి రోడ్లన్నీ బైకులే. పైగా మే నుంచి నవంబర్ దాకా వానాకాలం, సాయంత్రం పూటే కుమ్మరిస్తుంది. వాన మొదలైతే గ్రాబ్ (ఇక్కడ యాప్‌లో బుక్ చేసుకునే టాక్సీ) కారు దొరకడం గగనం. ఒక సెప్టెంబర్‌లో విశాఖ కుటుంబానికి ఆరున్నర ఆటకీ, ఏడూ నలభై ఐదుకి కదిలే పడవకీ విడివిడిగా బుక్ చేశాను. ఆట అయ్యేసరికి వాన. కారు కోసం పాతిక నిమిషాలు థియేటర్ గుమ్మంలో నిలబడ్డాం. మేం రేవు చేరేసరికి పడవ నది మధ్యలో ఉంది. డబ్బు తిరిగి ఇవ్వలేదు. పిల్లలు ఏడ్చారు. అప్పటినుంచి విడిగా బుక్ చేస్తే ఆట ముగిసే సమయానికీ పడవ కదిలే సమయానికీ మధ్య గంటంబావు ఉండాలి అనేది నా నియమం. సాయంత్రం 5 గంటల ఆట ఉన్న రోజైతే ఇది సులువు. ఆరున్నర ఆటే ఉంటే ప్యాకేజీ మేలు, ఎందుకంటే బండి వాళ్లదే, అదే బండిలో వచ్చేవాళ్ల కోసం పడవా ఆగుతుంది.

ఏజెంట్‌ని డబ్బు కట్టేముందు అడగండి: ఏ థియేటర్, సీటు ఏ వరస, పడవ ఎక్కే టైమ్ కాకుండా కదిలే టైమ్ ఎంత, చై భోజనం రాసిస్తారా. థియేటర్ పేరు లేకుండా ఊరికే పప్పెట్ షో అని రాసి ఉంటే ఒప్పుకోవద్దు.

అమ్మగారికి ఇంత సాయంత్రం బరువనిపిస్తే నేనైతే ఇలా చేస్తాను. బాక్ దాంగ్ రేవు నుంచి వాటర్‌బస్ ఉంది, 2017లో మొదలైంది. ఊళ్లోవాళ్లు వాడే మామూలు పడవ. అప్పట్లో టికెట్ 15 వేల డాంగ్ పెట్టారు, డిన్నర్ పడవతో పోలిస్తే లెక్కలోకి రాదు. పొద్దువాలే వేళకి ఎక్కి ఒక విడత తిరిగొస్తే నది, వంతెన, ల్యాండ్‌మార్క్ 81 అన్నీ కనిపిస్తాయి. మైకు గోల ఉండదు. తర్వాత బొమ్మలాట, ఆ తర్వాత ఏదైనా చై హోటల్లో వేడివేడిగా భోజనం, తొమ్మిదికల్లా మంచం మీద. ముందు బొమ్మలాట అని పైన చెప్పింది డిన్నర్ పడవకి. వాటర్‌బస్ అయితే వెలుతురు ఉండగానే ఎక్కాలి కాబట్టి వరస తిరగబడుతుంది. సాయంత్రం సర్వీసు సీట్లు త్వరగా నిండిపోతాయి, టికెట్ పొద్దున్నే తీసి పెట్టుకోండి.

మీ కుటుంబం సంగతి విన్నాక, నేను మీ చోట ఉంటే ఈ రెండో దారే పడతాను. డిన్నర్ పడవ కొత్తగా పెళ్లయినవాళ్లకి, స్నేహితుల గుంపుకి బాగుంటుంది. ఏడేళ్ల పిల్లాడు రెండు గంటల పడవలో ఎనిమిదిన్నరకల్లా కుర్చీలోనే నిద్రపోతాడు, మీరు మోసుకుని ఆ వాలు వంతెన ఎక్కాలి, పక్కన అమ్మగారి చెయ్యీ పట్టుకోవాలి.

మీరు వచ్చే తేదీ చెప్పలేదు. క్యాలెండర్లో అది అమావాస్యకో పౌర్ణమికో దగ్గర పడుతుందేమో చూడండి. చాంద్రమానంలో 1, 15 రోజుల్లో ఇక్కడ చాలా ఇళ్లలో చై తింటారు, మామూలు హోటళ్లు కూడా ఆ పూట చై వంటలు పెడతాయి. తేదీ రాస్తే ఆ రోజు ఏ టైమ్‌కి ఆట ఉందో, దగ్గర్లో అమ్మగారికి ఎక్కడ తినిపించవచ్చో చూసి చెప్తాను.